ముంజేతికి పట్టీ

మా తండాలో ఎవరి బీపీ ఎంతో ఇంటింటికీ తెలిసిపోయిన వేసవి అది. కిరాణా కొట్టు బిచ్యాది నూట ముప్పై ఆరు. ట్రాక్టర్ రూప్లాది నూట పది. "గంతేనా? మళ్ల సూడు" అని రూప్లా రెండోసారి కూడా చెయ్యి చాపాడు, తక్కువొస్తే పరువు తక్కువనుకుని. నాది నూట ఇరవై, ఎనభై. అచ్చం పుస్తకంలో రాసినట్టే ఉందని నా భార్య ఉషారాణి మెచ్చుకుంది. పెళ్లయిన నాలుగేళ్లలో నాలో ఆమెకు వంక దొరకనిది అదొక్కటే.

మా అమ్మ ద్వాలి బీపీ మాత్రం ఎవరికీ తెలియదు.

మాది ఇల్లందు దాటాక అడవి అంచున నలభై గడపల లంబాడీ తండా. నేను ఇల్లందు బస్టాండు దగ్గర ఆటో నడుపుతాను. మా నాయన రెడ్యాకు రెండెకరాల మిర్చి ఉంది. ఉష ఇంటర్ బైపీసీ చదివి ఇంట్లో కూర్చోవడం ఇష్టం లేక, ఆ ఏడాది కొత్తగూడెంలో మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరింది. చెయ్యి తిరగడానికి తండాలో దొరికినవాళ్లందరికీ బీపీ చూసేది. ఆరు నెలల కోర్సు, మే నెలాఖరున భద్రాచలంలో పరీక్ష. తండా మొదట్లోనే పల్లె దవాఖానా కట్టి, సున్నం వేసి, తాళం కూడా వేసి పెట్టారు. "జూన్ దాటకముందే సర్టిఫికెట్ జూపిస్తే అసిస్టెంట్ పోస్టు మీ ఇంటిదానికే. లేకపోతే బయటోళ్లను ఏస్తరు" అని సర్పంచి జైరాం మొహం మీదే చెప్పాడు. పరీక్ష తప్పితే మళ్లీ ఏడాదికి గానీ పెట్టరు. అప్పుడిక ఉష హైదరాబాదులో ఏదో ఆస్పత్రిలో చేరి హాస్టల్లో ఉండాలి, నేను ఇక్కడ ఆటోలో ఉండాలి. ఆ మాట ఇద్దరం ఒక్కసారే అనుకున్నాం, మళ్లీ ఎత్తలేదు.

అమ్మ సంగతి చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి పోవాలి. అందులో తప్పు నాదే కాబట్టి త్వరగా చెప్పేస్తాను.

అమ్మకు తలనొప్పిగా ఉందంటే నేనే ఆటోలో ఇల్లందు దవాఖానాకు తీసుకెళ్లాను. బీపీ చూసే సిస్టరు అమ్మ చేతులు చూసి, "గాజులు తీసి రామ్మా" అంది. మోచేతి పైనుంచి భుజం దాకా వరుసగా ఉండే తెల్ల గాజులవి. ఒకప్పుడు దంతంతో చేసేవారట, ఇప్పుడు ప్లాస్టిక్‌వి. మాలో పెళ్లినాడు తొడుగుతారు, మొగుడు పోయిన నాడు తీస్తారు. మధ్యలో తీయడమనే మాటే లేదు. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ వెనకాల వరుసలో ఇరవై మంది గొణుగుతున్నారు, బయట నా ఆటో దారికి అడ్డంగా ఉందని ఎవడో హారన్ కొడుతున్నాడు. "తియ్యరాదే, ఏమైతది?" అని అందరి ముందూ కసిరాను.

అమ్మ నా వైపు చూసింది. "మీ బాపు బతికుండంగనే తియ్యమంటున్నవా?" అంది. లేచి, కొంగు భుజాల మీదుగా కప్పుకుని, వెళ్లి ఆటోలో కూర్చుంది. ఆ తర్వాత తలనొప్పి అని నాకు ఎప్పుడూ చెప్పలేదు. తగ్గిపోయిందేమోనని నేను కూడా హాయిగా ఉన్నాను. కొడుకులు అంతే కదా.

ఇక మిర్చి కల్లం దగ్గరికి వద్దాం. మార్చి నెలంతా మా ఇల్లు కల్లంలోనే. పరదాల మీద ఎర్రగా కాయలు పోసి ఉంటాయి, నలుగురం చుట్టూ కూర్చుని తాలు కాయలు ఏరతాం. ఉష ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, ఒక చేత్తో ఏరుతూ ఒక చేత్తో పేజీలు తిప్పేది. మా నాయనకు చదువు రాదు కానీ చెవులు గట్టివి. వాళ్ల ట్రైనింగు భారతమ్మ మేడం నేర్పిన నాలుగు మాటలు ఉష రోజూ పైకి చదివేది కదా, ఆయనకు నోటికి వచ్చేశాయి. ఇంట్లో మేం మాట్లాడేది లంబాడీలోనే. ఆ మాటలు ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"చెప్పు బేటీ, పేషెంటు కాడికి పోయినంక మొదలు ఏం జేస్తవ్?" అనేవాడు నాయన, పెద్ద డాక్టరులా.

"చేతులు కడుగుత."

"ఎన్క?"

"పేరడుగుత. ఏం జేస్తనో చెప్త. ఒప్పుకున్నంకనే ముడుత."

"శభాష్. ఒప్పుకోకుంటే?"

"ఒప్పుకోకుంటే ముట్ట."

నాయనకు ఈ చివరి మాట భలే నచ్చింది. కోడిపెట్టను పట్టాలన్నా ఎదురుగా నిలబడి, "ఇగో, నిన్ను పట్టి గంప కింద ఏస్త, ఒప్పుకున్నవా?" అని అడగడం మొదలుపెట్టాడు. అది కొక్కొక్కో అనుకుంటూ పారిపోతే, "ఒప్పుకోలే" అని తిరిగొచ్చి కూర్చునేవాడు. అమ్మ తల కొట్టుకునేది.

ఆ నవ్వులో నవ్వుగా ఉష అమ్మ వైపు తిరిగి, "యాడీ, నీది ఒక్కసారి చూస్తనే?" అనేది. మాలో తల్లిని యాడీ అంటారు. అత్తను కూడా ఉష అలాగే పిలుస్తుంది.

"నా చేతులకు పనున్నది" అనేది అమ్మ.

ఉష సరేనని మళ్లీ కాయల్లో పడేది. మర్నాడు మళ్లీ అడిగేది. అమ్మ మర్నాడు మేకలున్నాయనేది, ఆ మర్నాడు పొయ్యి మీద కూర ఉందనేది, ఏమీ దొరకని రోజు "ఎండ" అనేది.

నాకు నవ్వూ వచ్చేది, మంటా ఎక్కేది. ఒకరోజు ఉషతో అన్నాను, "ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీ మోత. తండా అంత నీకు చేతులు చాపుతుంది, ఇంట్ల అత్త చాపదు. గట్టిగ చెప్పరాదు?"

"ఆమె వద్దన్నది. వద్దంటే వద్దే" అంది ఉష తల ఎత్తకుండా. "రేపు మళ్ల అడుగుత. అడుగుడు నా పని, ఒప్పుకునుడు ఆమె పని."

ఏప్రిల్ మధ్యలో ఒక సాయంత్రం కొత్తగూడెం బస్సు దిగుతూనే ఉష నా ఆటో ముందు సీట్లో పుస్తకం తెరిచి పెట్టింది. ఒక లైను కింద పెన్సిలు గీత ఉంది. భుజానికి గాయమో కట్టో ఉంటే, బీపీ పట్టీని ముంజేతికి కట్టి మణికట్టు దగ్గర నాడి వినవచ్చని అందులో ఉంది. "భుజం మీద గాజులున్నా గంతే గద?" అంది. ముఖం వెలిగిపోతోంది. మా తండాలో అరవై దాటిన ఆడవాళ్లందరికీ భుజాల దాకా గాజులే. తండాలో మిగతావాళ్లంతా చేతులు చాపినా, వాళ్లలో ఒక్కరికీ ఎప్పుడూ బీపీ చూసిన పాపాన ఎవరూ పోలేదు.

అక్కడే భారతమ్మ మేడానికి ఫోను చేసింది. స్పీకరులో నేనూ విన్నాను. మేడం ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. గొంతు కూడా ఇంజెక్షనులానే ఉంటుంది.

"మంచి ఆలోచనే ఉషా. దవాఖానాల గట్ల శానా చేస్తం. గాని పరీక్షల మాత్రం కాగితంల ఉన్నట్టె చెయ్యి. మోచేతి పైన పట్టీ అని ఉంటది, గంతే. బీపీ టేబుల్ తప్పితే మిగతా మూడు టేబుళ్లల్ల వందకు వందొచ్చినా ఫెయిలే. ఇంటున్నవా?"

"ఇంటున్న మేడం."

"ఇంకోటి. ప్రాక్టికల్‌కు పేషెంటును ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలె. యాభై దాటిన మనిషి కావాలె."

ఆ రాత్రి భోజనాల దగ్గర నాయన మీసం దువ్వాడు. "నేనొస్త. నాకు రెండు చేతులున్నై, గాజులు లెవ్వు" అన్నాడు. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. మర్నాడు ఉష గాజులు ముట్టకుండా ముంజేతికి కడతానని చెప్పి అడిగినా, అమ్మ మేకల వంకే చెప్పింది.

మే వచ్చింది. బీడీల కోసం తునికాకు కోతలు మొదలయ్యాయి. తెల్లవారకముందే అడవికి పోయి, ఎండ ముదిరేలోపు ఆకు తెచ్చి కట్టలు కట్టాలి. పరీక్ష ముందురోజు నాయన, నాలుగు కట్టలు ఎక్కువ వస్తాయని ఆశపడి మధ్యాహ్నం దాకా అడవిలోనే ఉన్నాడు. మూడు గంటలకు వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. వాంతులు, ఒళ్లు కాలిపోతోంది. ఉష తడిగుడ్డలు చుట్టి, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు చెంచాతో పట్టి, బీపీ చూసింది. తొంభై.

"వడదెబ్బ. ఈయన్ని రేపు ఎండల తిప్పొద్దు" అని తేల్చేసింది. సొంత పేషెంటును సొంత చేత్తోనే తీసేసుకుంది. చిత్రమేమిటంటే ఆ మాట అనడానికి ఒక్క క్షణం కూడా వెనకాడలేదు.

నేను బిచ్యా దగ్గరికి పరుగెత్తాను, వాళ్లింట్లో పెళ్లి. రూప్లా మిర్చి బస్తాలేసుకుని ఖమ్మం మార్కెట్టుకు పోయాడు. తిరిగొచ్చేసరికి అమ్మ నాయన అరికాళ్లు రుద్దుతోంది. తల ఎత్తకుండానే, "నేనొస్త" అంది.

ఉష నెమ్మదిగా అంది, "యాడీ, ఆడ పట్టీ కడ్తరు."

"ఎర్కనే. నాలుగు నెలల సంది ఇంటున్న గద."

"మరి గాజులు..." అని నేను నోరు తెరిచాను. అమ్మ చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాను. ఎండకు సొమ్మసిల్లిన నాయన అంతటి నీరసంలోనూ కన్ను తెరిచి, "పోనీరా, ఆమెనే ఒప్పుకున్నది" అన్నాడు. మంచం పట్టిన నాయనకు తోడుగా ఉండటానికి పక్కింటావిడ ఒప్పుకుంది.

పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. కొత్తగూడెం దాకా నా ఆటో, అక్కణ్ణుంచి బస్సు. పాల్వంచ దాటాక ఉష కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. అమ్మ కిటికీ పక్కన కొంగు బిగించుకుని కూర్చుంది. గోదావరి వంతెన రాగానే అందరితో పాటు చేతులెత్తి మొక్కింది. ఏం మొక్కుకుందో నేను అడగలేదు.

పరీక్ష ఒక పాత కాలేజీ హాల్లో. నాలుగు టేబుళ్లు వేశారు. వెంట వచ్చినవాళ్లు వరండాలో కిటికీల దగ్గర నిలబడి చూడొచ్చు, మాట్లాడకూడదు. గాయానికి కట్టు, జ్వరం చూడటం ఉష చకచకా ముగించింది. గర్వంతో నేను పక్కన నిలబడ్డ ఎవరికో, "గామె మా ఇంటామెనే" అని చెప్పాను కూడా. మూడోది బీపీ టేబుల్. ఎగ్జామినరు సారు యాభై ఏళ్ల మనిషి, పొద్దుటినుంచి అవే మాటలు విని విసిగిపోయి ఉన్నాడు.

ఉష చేతులు కడుక్కుంది. కుర్చీలో కూర్చున్న అమ్మకు ఎదురుగా నిలబడి, "మీ పేరేందమ్మా?" అంది.

అమ్మ తెల్లబోయింది. "నీకు ఎర్క లేదా?"

పక్క టేబుళ్ల వాళ్లు కిసుక్కుమన్నారు. ఉష నవ్వలేదు. "నువ్వే చెప్పాలె యాడీ."

"ద్వాలి."

"ద్వాలిగారూ, మీ చేతికి పట్టీ కట్టి బీపీ చూస్త. కొంచెం బిగుసుకుంటది, నొప్పి ఉండదు."

సారు కలం ఎత్తి చూపించాడు. "ముందు ఆ గాజులు తీయించు."

"అవి తియ్యరు సార్. ముంజేతికి కడత."

"కాగితంలో మోచేతి పైన అని ఉందమ్మా. ముంజేతికి కడితే నేను సున్నా వెయ్యాలె. ఈ టేబుల్ దగ్గర సున్నా వస్తే ఏమైతదో నీకు తెలుసు కదా?"

"తెలుసు సార్."

అమ్మకు తెలుగు బాగానే వచ్చు. సున్నా అన్న మాట కూడా అర్థమైంది. కుడిచేయి ఎడమ భుజం మీదికి పోనిచ్చి, అన్నిటికన్నా కిందున్న గాజును పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

నేను అబద్ధం చెప్పను. నాకు ఆ క్షణం సంతోషమే కలిగింది. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను. దవాఖానా, పోస్టు, హైదరాబాదు తప్పిపోవడం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. గాజు మోచేతి ఎముక దగ్గర ఆగింది. నలభై ఏళ్లుగా కదలని గాజు, సులువుగా వస్తుందా? అమ్మ పెదాలు బిగబట్టి ఇంకా గట్టిగా లాగింది. కళ్లు మాత్రం నేల మీదే ఉన్నాయి.

ఉష అమ్మ చేతి మీద తన చేయి వేసింది.

"వద్దు యాడీ."

"పరీక్ష పోతది బేటీ."

"పోతే పోనీ." ఉష గాజును మెల్లగా పైకి, దాని చోటికి జరిపింది. అప్పుడు సారు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "సార్, ఈమె ఒప్పుకోలేదు. నా పరీక్ష పోతదని భయపడి తీస్తున్నది. భయపడ్డ మనిషికి బీపీ సరిగ్గ రాదు, ఐదు నిమిషాలు నిమ్మళంగ కూసోబెట్టి చూడాలెనని ఇదే కాగితంల రెండో లైనుల ఉన్నది. నేను ఐదు నిమిషాలు ఆగి, ముంజేతికి కట్టి చూస్త. ఎందుకు గట్ల చూసిన్నో రాస్త. మీరు మార్కులు ఎట్లైనా వేసుకోండి."

సారు గడియారం చూసి, "కానీ" అన్నాడు.

ఐదు నిమిషాలు. వరండాలో నా కాళ్లు నిలవడం లేదు. ఉష మాత్రం పక్కన స్టూలు మీద కూర్చుని, "బాపు గంజి తాగిండో లేదో" అని అమ్మతో ఇంటి కబుర్లు చెప్పింది. అమ్మ భుజాలు కిందికి దిగడం కిటికీలోంచి నాకు కనిపించింది.

మణికట్టు దగ్గర అమ్మకు నాలుగు మట్టిగాజులున్నాయి. "ఇవి తియ్యొచ్చా యాడీ?" అని అడిగింది ఉష.

"ఇవా? ఇవి సంతల కొన్నయే. తీసెయ్."

ముంజేతికి పట్టీ చుట్టి, చేయిని గుండె ఎత్తున టేబుల్ మీద పెట్టి, నాడి దగ్గర స్టెతస్కోపు ఆనించింది. గాలి కొట్టింది, వదిలింది. కాసేపాగి మళ్లీ చూసింది. అప్పటిదాకా హుషారుగా ఉన్న ముఖం కాస్త మారింది. కాగితం మీద రాసి సారు ముందు పెట్టింది. నూట తొంభై, నూట పన్నెండు.

"ముంజేతి మీద కొంచెం ఎక్కువ జూపిస్తది సార్. గంత తీసేసినా ఇది ఎక్కువే. డాక్టరుకు ఇయ్యాల్నే చూపియ్యాలె."

సారు లేచి వచ్చాడు. స్టెతస్కోపు తీసుకుని, అదే ముంజేతికి, తానే స్వయంగా చూశాడు. పట్టీ విప్పేటప్పుడు గొంతు మెత్తబడింది. "తలనొప్పి వస్తదా అమ్మా?"

"వస్తది."

"ఎప్పటి సంది?"

"రెండేండ్ల సంది" అంది అమ్మ.

కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డ నాకు అప్పుడు సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, పక్కనున్నవాడు "గామె ఎవరు, మీ అమ్మనా?" అని అడిగితే అవ్ అనడానికి నోరు రాలేదు. రెండేళ్లు ఆమె తలనొప్పి పెట్టుకుని నాకు అన్నం వడ్డించింది.

సారు ఏదో చాలాసేపు రాశాడు. నాలుగో టేబుల్ కూడా ముగించుకుని ఉష బయటకొచ్చింది. మధ్యాహ్నమే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మాత్రలిచ్చి, ఉప్పు తగ్గించమని, మాత్రలు ఒక్కరోజు కూడా మానొద్దని చెప్పి, ఇన్నాళ్లు ఎందుకు చూపించలేదని అడిగాడు. తిరుగు బస్సులో అమ్మ ఉష భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

"పరీక్ష ఎట్లైనట్టు?" అని గుసగుసగా అడిగాను.

"పరీక్ష సంగతి వాళ్లకు ఎర్క" అంది ఉష. "బీపీ మాత్రం మంచిగ చూసిన."

జూన్ ఇరవై ఆరున భారతమ్మ మేడం ఫోను వచ్చింది. మొదటి వానకు పొలంలో విత్తనాలు వేస్తున్నాం. ఉష తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోనెత్తింది. సారు సున్నా వేయలేదట. 'మోచేతి పైన' అన్న లైను దగ్గర గడి కొట్టేసి, 'ముంజేయి, కారణం సరైనది' అని రాసి సంతకం పెట్టాడట. దాని మీద పై వాళ్లు నాలుగు వారాలు తర్జనభర్జన పడి, చివరికి ఒప్పుకున్నారట. "పాసైనవ్ పో. గాని కాగితంల ఉన్నట్టు చెయ్యమంటే నువ్వు చెయ్యలే. నా మాట ఇనని దానివి నువ్వొక్కదానివే" అని తిడుతూనే మేడం, సర్టిఫికెట్ తీసుకోవడానికి రేపే రమ్మంది. నాయన గట్టు మీద నిలబడి, వడదెబ్బ తగిలిన మనిషేనా అన్నట్టు చిందులేశాడు.

జులైలో పల్లె దవాఖానా తాళం తీశారు. మొదటి రోజు అమ్మను దింపడానికి ఆటోలో వెళ్లి చూద్దును కదా, వరండా మీద భుజాల దాకా తెల్ల గాజులున్న ముసలమ్మలు తొమ్మిది మంది వరుసగా కూర్చున్నారు. జన్మలో దవాఖానా గడప తొక్కనివాళ్లు. అమ్మ ఆటో దిగి వాళ్ల మధ్యలో పెద్దరికంగా కూర్చుని, తన మాత్రల్లో ఏది ఎప్పుడు వేసుకుంటుందో చెప్పడం మొదలుపెట్టింది.

నాకు ఉండబట్టలేదు. పక్కన చతికిలబడి, మెల్లగా అన్నాను. "యాడీ, రెండేండ్ల కింద నేను గూడ గిదే చెప్పిన గదనే, బీపీ చూపిచ్చుకొమ్మని."

అమ్మ కోప్పడలేదు. నా తల మీద చేయి వేసి, "నువ్వు తియ్యమన్నవ్ బేటా. ఆమె అడిగింది" అంది.

లోపలినుంచి ఉష, "ద్వాలిగారూ" అని పిలిచింది. అమ్మ మణికట్టున ఉన్న మట్టిగాజులు నాలుగూ తీసి, పగలకుండా పట్టుకోమని నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్లింది. ఆమె బయటికొచ్చేదాకా వాటిని రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాను.